రైతు స్వయముగా కట్టుకొనదగిన రంపపు గుంట
(దుంగలను పలకలుగా కోసికొను విధమునుగూర్చి పట్టాదారులగు రైతులకు సూచనలు)

1. ఉద్దేశము

సిద్దిపేట జిల్లా ములుగు మండలమందలి రైతుల గట్లమీదను, బావుల చెంతను టేకు, వేప, తుమ్మ, మామిడి, నీలగిరి మొదలగు వృక్షములు పెరుగుచున్నవి. సొమ్ము అవసరమైన దినమున రైతు చెట్టును నిలువుననే బేరమాడి అమ్మివేయును. మరల తన యింటి తలుపునకు పలకలు కావలసివచ్చినప్పుడు అడితికి పోయి అధిక ధరకు కొనును. తన చెట్టునే తాను కోసికొన్నచో ఈ రెండు బేరములలోని నష్టము చాలవరకు తప్పును.

దుంగలను కోయుటకు గొప్ప యంత్రము లేనిదే సాగదని పలువురి తలంపు. అది సరికాదు. ఒక గుంట, నాలుగైదు దిట్టమైన కొయ్యలు, చట్రమునకు బిగించిన ఒక రంపము, ఇద్దరు మనుష్యులు ఉన్నచో గృహమునకును వ్యవసాయమునకును చాలినంత కలప కోసికొనవచ్చును. అయితే పలక తిన్నగా వచ్చుట రంపము వాడిమివలననే కాదు. సరియైన కొలత, సమమైన ఆధారము, కదలకుండ నిలిచిన దుంగ, ఈ మూడును ముఖ్యములు. ఈ మూడింటిని సాధించు విధమే ఈ పత్రమందు వివరింపబడినది.

ఇచ్చట చెప్పబడిన ములుగు, ఒకప్పటి మెదకు జిల్లాలోనుండి 11 అక్టోబరు 2016 న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరినది. 2019 లో ఏర్పడిన ములుగు జిల్లా వేరు. సిద్దిపేట జిల్లాలోని ఈ ములుగునందే అటవీ కళాశాల మరియు పరిశోధనా సంస్థయు, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమును ఉన్నవి. చెట్ల పెంపకమునుగూర్చి సందేహములు గల రైతులకు ఇట్టి సంస్థలు సమీపముననుండుట గొప్ప సౌకర్యము.

2. కోయుటకును అమ్ముటకును ముందు కొలువవలెను

కలప వర్తకమందు దుంగను చుట్టుకొలతచే లెక్కించు ఆచారము గలదు. దుంగ నడిమి చుట్టుకొలతలో నాలుగవ వంతును తీసికొని, దానిని దానిచేతనే హెచ్చించి, పొడవుచే గుణింతురు. ఉదాహరణమునకు, చుట్టుకొలత 36 అంగుళములు, పొడవు 10 అడుగులు గల దుంగయందు నాలుగవ వంతు 9 అంగుళములు. తొమ్మిదిని తొమ్మిదిచే హెచ్చింపగా 81. దానిని 10 చే గుణించి 144 చే భాగింపగా 5 ఘనపు అడుగుల 5/8 వచ్చును.

ఆ దుంగయందు యథార్థముగా ఉన్న కట్టె ఇంచుమించు 7 ఘనపు అడుగుల 1/6. అనగా పై లెక్కవలన నూటికి 78½ పాళ్లు మాత్రమే లెక్కకు వచ్చును. ఇది మోసము కాదు. గుండ్రని దుంగను చదరము చేయునప్పుడు పోవు తరుగును ముందే తీసివేయుటకు ఏర్పడిన పద్ధతి. కావున ఈ లెక్కపైన మరల “కోత తరుగు” అని కొనువాడు తగ్గింపగోరినచో, ఒకే తరుగును రెండుసార్లు తీసినట్లగును. ఈ విషయమును ఎరిగిన రైతు బేరమందు నష్టపడడు.

ఇక ఆ దుంగనుండి ఎన్ని పలకలు వచ్చునో చూతము. రెండు కొనలును ఒకే లావుగా నున్నవనుకొన్నచో దాని అడ్డుకొలత సుమారు 11½ అంగుళములు. అందుండి 8 అంగుళముల చదరపు దూలము వచ్చును. ఆ దూలమును ఒక అంగుళము మందముగల పలకలుగా కోయునప్పుడు ప్రతి కోతకును రంపము 1/8 అంగుళము కట్టెను పొట్టుచేయును. ఆరు కోతలకు ముప్పాతిక అంగుళము పోగా, అంగుళము మందముగలవి ఆరును, 1¼ అంగుళము మందముగలది ఒకటియు, మొత్తము ఏడు పలకలు లభించును. అంతకంటె మందమైన రంపమువలన పలకయే తగ్గవచ్చును. ప్రక్కలనుండి తీసిన నాలుగు బొద్దు చెక్కలు దడులకును, పందిళ్లకును, వంటచెరకునకును పనికివచ్చును.

దుంగ ఒక కొన లావుగాను, ఒక కొన సన్నముగాను ఉన్నచో సన్నని కొనను, బెరడు తీసిన పిమ్మట కొలిచి, దానినిబట్టియే దూలము పరిమాణమును నిర్ణయింపవలెను.

3. అనుమతులు

పట్టా భూమియందలి చెట్టయినను యథేచ్ఛగా నరుకుట తగదు. నిజాము రాజ్యమందలి 1355 ఫసలీ అటవీ చట్టము 1967 నాటి అటవీ చట్టముచే రద్దయినది. 2002 లో నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టము వచ్చినది. తెలంగాణ రాష్ట్రము 2014 లో ఏర్పడిన తరువాతను ఈ చట్టములు ఇచ్చట అమలునందున్నవి. చెట్టు నరకుటకు ముందు మంజూరు పొందవలెను. కొయ్యను గ్రామము దాటించుటకు రవాణా పర్మిటు కావలసియుండును. కొన్ని జాతులకు సడలింపులు గలవు. తన చెట్టునకు ఏ నియమము వర్తించునో పట్టా పాసుపుస్తకముతో అటవీ రేంజి కచేరికి పోయి తెలిసికొనుట ఉత్తమము.

విద్యుచ్ఛక్తిచే గాని ఇంజనుచే గాని నడచు కోతమిల్లునకు అటవీశాఖవారి లైసెన్సు అవశ్యము. 1969 నుండియే ఇందునకు ప్రత్యేక నియమములు గలవు. 2002 లో సుప్రీముకోర్టు ఇట్టి మిల్లుల స్థాపనను మరింత కట్టుబాటులోనికి తెచ్చినది. 2016 నుండి రాష్ట్రస్థాయి సంఘము లైసెన్సు విషయమును విచారించు పద్ధతి ఏర్పడినది. ఈ పత్రమందు చెప్పబడిన గుంట చేతితో నడచునదే. అయినను కట్టుటకు ముందు రేంజి అధికారికి వ్రాతమూలముగా తెలిపి, జవాబును భద్రపరచుకొనవలెను. ప్రతి దుంగ ఏ సర్వే నంబరునుండి వచ్చినదో, ఏ తేదీన కోయబడినదో ఒక పుస్తకమందు వ్రాసియుంచవలెను. పరుల దుంగను, అందును అడవినుండి వచ్చినదని అనుమానముగల దుంగను, ఎంత కూలి యిచ్చినను గుంటమీద ఎక్కింపరాదు.

4. స్థలము

గుంటకు మొరము నేల శ్రేష్ఠము. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు పగిలి, ప్రక్కలు విరిగిపడును. అందు గుంట త్రవ్వరాదు. నీరు నిలువని మెరకయందు, బండి వచ్చుటకు దారియున్నచోట, చెట్టునీడ గల స్థలమును ఎన్నుకొనవలెను.

దుంగను ఎత్తుబల్లలపైకి ఎక్కించుటకంటె గుంటపైకి దొర్లించుట సులభము. పైన చెప్పిన కొలతగల పచ్చి దుంగ 200 కిలోల వరకు తూగవచ్చును. దానిని ఎత్తబోయి నడుములు విరుగగొట్టుకొనుటకంటె రెండు గునపములతో నేలపైననే దొర్లించుకొని రావచ్చును. గుంటవలన కలుగు ముఖ్యలాభమిదియే.

5. గుంటయు, ఆధారములును

గుంట పొడవు 12 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు 5 అడుగులు ఉండవలెను. ఒక కొనయందు దిగుటకు మెట్లు త్రవ్వవలెను. ప్రక్కలు నిలువుగాగాక పైకి కొంచెము వాలుగా నుండవలెను. మన్ను రాలుచున్నచో రాతికట్టుడు కట్టవలెను. అది కట్టునంతవరకు ఎవరిని లోపలికి దింపరాదు.

గుంటకు రెండు ప్రక్కల, అంచునుండి 9 అంగుళములు వెనుకకు, 14 అడుగుల పొడవు, 6 అంగుళముల చదరముగల రెండు దూలములను నేలమీద పరువవలెను. అంచునకు మరింత దగ్గరగా పెట్టినచో బరువునకు గట్టు విరుగును. రెండు దూలములును ఒకే మట్టమున నుండవలెను. తాపీవారి రసమట్టముచేతగాని, నీరు నింపిన పారదర్శకపు గొట్టముచేతగాని నాలుగు కొనలను సరిచూడవలెను. ఇచ్చట ఒక అంగుళము తేడా యున్నను దుంగ వాలి, రంపము గీతను విడిచి ప్రక్కకు పోవును.

ఈ దూలములమీద అడ్డముగా 7 అడుగుల పొడవు, 6 అంగుళముల చదరముగల అడ్డుదిమ్మెలు మూడు కావలెను. తుమ్మకొయ్య ఇందునకు మిక్కిలి తగినది. దుంగ ఈ దిమ్మెలపై, గుంట నడిమిన, పొడవునకు పొడవుగా పండుకొనును. దిమ్మెలతో కలిపి దుంగ అడుగుభాగము గుంట నేలకు 6 అడుగుల ఎత్తుననుండును. క్రిందివాడు తల వంచక నిలువగలడు.

6. చట్రరంపము

చట్రమందు రంపమును బిగించుట ప్రాచీనమైన యుక్తి. టర్కీ దేశమందలి హియరాపొలిస్ అను పురాతన పట్టణమందు, క్రీస్తు శకము 3వ శతాబ్దమునాటి ఒక సమాధిమీద, నీటిచక్రముచే నడచుచు రాతిని కోయు జంట చట్రరంపముల చిత్రము చెక్కబడియున్నది. చట్రముచే లాగి బిగింపబడిన పలుచని రేకు వంగదు. పలుచనిదగుటచే కట్టెను తక్కువగా తినును. చట్రము లేని రంపము వంగకుండ నుండుటకై మందముగా నుండవలసివచ్చును.

రేకు పొడవు 4½ అడుగులు, వెడల్పు 4 అంగుళములు, మందము 1/16 అంగుళము ఉండవలెను. కోతమిల్లులలో అరిగి తీసివేసిన వెడల్పాటి పట్టీరంపపు ముక్క ఇందునకు బాగుగా పనికివచ్చును. చట్రమునకు నిలువు కొయ్యలు రెండు, అడ్డుకొయ్యలు రెండు కావలెను. లోపలి వెడల్పు 26 అంగుళములు. రేకు సరిగా నడుమనుండుటచే ఇరువైపుల 13 అంగుళముల చొప్పున ఖాళీ యుండి, దుంగ అందులో సులభముగా ఇముడును. రేకు క్రింది కొనను మేకుతో అడ్డుకొయ్యకు తగిలించి, పై కొనకు మరచుట్లుగల బోల్టు పెట్టి బిగింపవలెను. వ్రేలితో మీటినచో ఖంగుమని మ్రోగువరకు బిగింపవలెను. రేకు వెడల్పు దుంగ పొడవు దిక్కునకు ఉండునట్లు తిప్పి బిగించుట మరువరాదు.

పండ్లు 3/4 అంగుళమునకు ఒకటి చొప్పున, మొనలు క్రిందికి చూచునట్లు ఉండవలెను. రంపము క్రిందికి దిగునప్పుడే కోయును. పండ్లను ఆకురాయితో ఒకే ఎత్తున అరగదీసి, ఒకదానిని కుడికి, తరువాతిదానిని ఎడమకు వంచవలెను. ప్రతి ప్రక్కకును వంపు ముప్పాతిక మిల్లీమీటరు మించరాదు. ఒక వైపు వంపు ఎక్కువైనచో రంపము ఎప్పుడును ఆ వైపునకే లాగును. కోత తప్పుచున్నప్పుడు బలము పెంచక, మొదట పండ్లను పరీక్షింపవలెను.

7. గీతలు

దుంగ బెరడును బాడిసతో చెక్కివేయవలెను. కంచె తీగ కట్టిన చెట్లలో పాత మేకులు దాగియుండును; గట్టి అయస్కాంతముతో వెదకి తీయవలెను. ఒక్క మేకువలన రంపపు పండ్లన్నియు పాడగును.

దుంగను దిమ్మెలపై దొర్లించి, వంపు ఉన్నచో అది పైకి వచ్చునట్లు నిలిపి, రెండు కొనలును వంచి మొనచేసిన ఇనుప కొక్కెములను ఒక మొన దుంగలోను, ఒక మొన దిమ్మెలోను దిగగొట్టవలెను. పిదప దుంగ యొక్క రెండు ముఖములమీద గుండుదారము వ్రేలాడదీసి నిలువు గీతలు గీయవలెను. ఒక ముఖము గీతనుండి ఇంకొక ముఖము గీతవరకు మసి పూసిన దారమును బిగించి దుంగపైన కొట్టవలెను. పైగీతను పైవాడు, ముఖముపై నిలువుగీతను క్రిందివాడు చూచుచుండవలెను. గీతలు గీచిన పిమ్మట దుంగను కదలించినచో మరల గీయవలసినదే.

8. కోత

పైవాడు చట్రమును ఎత్తును, గీతవెంట నడుపును. క్రిందివాడు లాగును. బలమంతయు క్రిందికి లాగుటయందే. పైకి ఎత్తునప్పుడు రంపమును కొంచెము వెనుకకు తీసినచో పండ్లు అరుగవు. ఒక్కొక్క లాగు రెండడుగుల పొడవున, నిదానముగా సాగవలెను.

రంపము దిమ్మె దగ్గరకు రాగానే ఆగి, మూడవ దిమ్మెను కోత ముగిసిన భాగము క్రింద దూర్చి, ఆ పిమ్మటనే అడ్డముగానున్న దిమ్మెను తీసి ముందునకు జరుపవలెను. ఏ క్షణమునను దుంగ రెండు దిమ్మెలకు తక్కువ మీద నిలువరాదు. దిమ్మె మార్చునప్పుడు క్రిందివాడు గుంటనుండి బయటికి రావలెను. కోసిన సందున కొయ్య చీలికను దూర్చినచో రంపము పట్టుబడదు.

మొదట ఎదురెదురు ప్రక్కలు రెండును తీసి, దుంగను చదునైన ముఖముపై పండబెట్టి, మిగిలిన రెండు ప్రక్కలు తీయవలెను. అప్పుడు చదరపు దూలమగును. పిమ్మట పలకలు కోయవలెను.

పై ఉదాహరణమందు నాలుగు ప్రక్కలకు నాలుగు, పలకలకు ఆరు, మొత్తము పది కోతలు. ఒక్కొక్క కోత 10 అడుగుల పొడవు, 8 అంగుళముల లోతు. అంతయు కలిసి సుమారు 67 చదరపు అడుగులు. మొదటి కోతకు ఎంతసేపు పట్టెనో గడియారము చూచి, పదిచే హెచ్చించి, ఆ కాలమునకు ఇద్దరి కూలి ఎంతయగునో లెక్కింపవలెను. ఆ కూలి, పలకల అడితి ధరకు మించినచో మిగిలినది కోయక దూలముగానే వాడుకొనుట లాభము. లెక్క చూడక చేసిన పని సొంత చెట్టైనను నష్టమునే తెచ్చును.

9. ఆయా కట్టెల స్వభావము

టేకు సులభముగా కోయబడి, తక్కువగా వంగును, ద్వారబంధములకు శ్రేష్ఠము. అయితే లేత టేకునందు చేవ తక్కువ, తెల్లకట్టె ఎక్కువ. ఈ తెల్లకట్టెను పురుగు తొలుచును. వేపకట్టె సామాన్యముగా పురుగును ఓర్చుకొనును; పెట్టెలకును, తలుపులకును తగును. నల్లతుమ్మ గట్టిది, నాగలికిని, బండిచక్రములకును వాడుదురు. ఎండిన పిదప రంపమును మొద్దుబరచును గాన పచ్చిగానే కోయవలెను. మామిడి మెత్తనిది, పెట్టెలకు పనికివచ్చునుగాని చెదలకు లోనగును.

నీలగిరియందు జాగ్రత్త విశేషముగా కావలెను. ఆ చెట్టు లోపల బిగువుతో పెరుగుటచే కోయగానే పలకలు విల్లువలె వంగును, కొనలు చీలును. నరికిన వెంటనే, ఒకసారి ఈ ప్రక్క, ఒకసారి ఆ ప్రక్క మార్చి మార్చి కోసినచో వంపు కొంత తగ్గును.

10. ఆరబెట్టుట

కోసిన దినముననే పలకల కొనలకు తారుగాని రంగుగాని పూయవలెను. కొనలనుండి తేమ త్వరగా పోవుటయే చీలికలకు కారణము. నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తున రాతిదిమ్మెలపై, నీడయందు, పలకలను వరుసలుగా పేర్చి, వరుసకు వరుసకు నడుమ అంగుళము మందపు కొయ్యబద్దలను రెండడుగులకు ఒకటి చొప్పున పెట్టవలెను. పై బద్ద క్రింది బద్దకు సరిగా నిలువున నుండవలెను. లేనిచో పలక ఆ సందున వంగి అట్లే గట్టిపడును. పైన బరువురాళ్లు పెట్టి, వానకును ఎండకును చాటు కల్పింపవలెను.

అంగుళము మందమునకు ఒక సంవత్సరమని పెద్దల లెక్క. మన వేసవియందు ఇంకను త్వరగా ఆరవచ్చును. ఒక పలకను వారమునకొకసారి తూచి, రెండు మూడు వారములు తూకము తగ్గకున్నచో ఆరినదని తెలిసికొనవలెను.

పురుగు పట్టు తెల్లకట్టెకు, పచ్చిగానున్నప్పుడే, 100 లీటర్ల నీటిలో 3 కిలోల వెలిగారమును, 2 కిలోల బోరిక్ ఆసిడును కరిగించి అందు ముంచవలెను. ఇది యింటి లోపలి కలపకే పనికివచ్చును. వానలో తడియు కట్టెనుండి ఈ మందు కడుగబడిపోవును. ముంచునప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలెను. మిగిలిన నీటిని పశువులు త్రాగకుండ చూడవలెను.

11. ప్రాణరక్షణ

క్రిందివాని కన్నులలో పొట్టు పడును. కండ్లద్దములును, ముక్కునకు గుడ్డయు లేక దింపరాదు. కొక్కెములు వదులైనవో లేదో ప్రతి కోతకు ముందు చూడవలెను. దుంగ దొర్లించునప్పుడు గుంటలో ఎవరును ఉండరాదు. వాన కురిసిన మరునాడు గట్లను పరీక్షింపక దిగరాదు. పిల్లలను దరికి రానీయరాదు. పని ముగిసిన ప్రతిసాయంకాలము గుంటను పలకలతో కప్పి చుట్టును ముళ్లకంచె వేయవలెను. చీకటిలో పశువు పడినను, మనిషి పడినను, మిగిలిన లాభమంతయు వ్యర్థము.

12. ఇంజను రంపమును గూర్చి ఒక మాట

అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో రైతులు రెండు చక్రములమీద తిరుగు పట్టీరంపమును, పట్టాలపై నడచు బండికి బిగించి, చిన్న ఇంజనుతో దుంగలను కోయుచున్నారు. ఆ రంపము ఒక కోతకు రెండు మిల్లీమీటర్లమాత్రమే పొట్టుచేయుటచే పలకలు ఎక్కువ వచ్చును. చక్రములు, మోటారు కొనుట కష్టము కాదు. అయితే లైసెన్సు లేక దానిని నిలుపుట నేరము. తెగిన పట్టీ ఎగిరి తగిలిన ప్రాణాపాయము. అనేకులకు చెట్లున్న గ్రామమందు రైతులు కలిసి, ముందుగా లైసెన్సు పొంది, అనుభవజ్ఞునిచేత కట్టించుకొనుట వేరు విషయము. ఒక్కని యింటి అవసరమునకు చేతిగుంట చాలును.

13. ముఖ్యాంశములు

మంజూరు పొందనిదే చెట్టు నరకరాదు. కొలువనిదే అమ్మరాదు. మట్టము చూడనిదే దుంగను ఎక్కింపరాదు. గీత లేనిదే రంపము పెట్టరాదు. ఆరనిదే పలకను వాడరాదు. ఈ అయిదు నియమములను పాటించు రైతు, తన తండ్రి నాటిన చెట్టునుండి తన యింటి ద్వారమును తానే నిలుపుకొనగలడు. నరికిన ప్రతి చెట్టునకు మారుగా రెండు మొక్కలు అదే గట్టున నాటినచో ముందు తరమువారికిని ఈ గుంట పని కల్పించును.